అర్ధరాత్రికి నిలిచే ఏడు పాటలు

పాట లేని ఆరాధన లేదు. పోయిన ఆదివారం విన్న ప్రసంగం మరచిపోయినవాళ్లు కూడా సండే స్కూల్లో నేర్చుకున్న పాటను యాభై ఏళ్ల తర్వాత పొల్లుపోకుండా పాడతారు. మనలో చాలామందికి వాక్యం మొదట చేరింది పాట రూపంలోనే. అమ్మ వంటింట్లో పని చేసుకుంటూ తీసిన కూనిరాగం, కుటుంబ ప్రార్థనలో నాన్న ఎత్తుకున్న కీర్తన మన విశ్వాసానికి తొలి పాఠాలు.

యేసుప్రభువు కూడా పాడాడు. పస్కా భోజనం ముగించి ఒలీవల కొండకు బయలుదేరే ముందు ఆయన శిష్యులతో కలిసి కీర్తన పాడాడని మత్తయి రాశాడు (మత్తయి 26:30). మరికొద్ది గంటల్లో తనకు ఏం జరగబోతోందో తెలిసి కూడా పాడాడు. పౌలు, సీల ఫిలిప్పీ చెరసాలలో పాడింది అర్ధరాత్రి వేళ (అపొ. కార్యములు 16:25). దెబ్బలు తిన్న వీపులు, బొండలో బిగించిన కాళ్లు, చుట్టూ చీకటి. అయినా పాడారు, తోటి ఖైదీలు విన్నారు. పాటకు అసలు పరీక్ష ఆదివారం ఉదయం జరగదు, అర్ధరాత్రి జరుగుతుంది.

'మీకు అన్నిటికంటే ఇష్టమైన క్రైస్తవ గీతం ఏది?' అని మా సంఘంలోని యువకులు తరచూ అడుగుతుంటారు. ఒక్కటే చెప్పమంటే కష్టం. అందుకే గత శతాబ్దం ఆరంభం నుంచి 2001 దాకా పలు దశాబ్దాల్లో పుట్టిన ఏడు పాటలను ఎంచి, ఏడో స్థానం నుంచి మొదటి స్థానం దాకా వరుస పెట్టాను. రాగం ఎంత తియ్యగా ఉంది, ఎంతమంది పాడుతున్నారు అన్నది నా కొలత కాదు. మరణం జరిగిన ఇంట్లో, వాయిద్యాలు లేకుండా, పుస్తకం లేకుండా ఆ పాట పాడగలమా? పాడితే అది మనల్ని నిలబెడుతుందా? ఇదొక్కటే కొలత.

ఈ కొలత నాకు ఒక పల్లెలో దొరికింది. కొన్నేళ్ల క్రితం అక్కడ ఒక యువకుడు చనిపోయాడు. రాత్రంతా ఆ ఇంట్లో కూర్చున్నాం. కరెంటు పోయింది. గాయక బృందం పిల్లలంతా అక్కడే ఉన్నారు. మంచి గొంతులే, కానీ వాళ్లకు వచ్చినవన్నీ విజయగీతాలు, పండుగ పాటలు. ఆ ఇంట్లో ఏది ఎత్తుకోవాలో వాళ్లకు తోచలేదు. చాలాసేపు ఏడుపు తప్ప మరో శబ్దం లేదు. చివరికి డెబ్బై దాటిన ఒక అవ్వ, అక్షరం రాని మనిషి, గోడకు ఆనుకుని కూర్చున్నచోటు నుంచే ఒక పాత కీర్తన ఎత్తుకుంది. ఒక్కొక్కరే గొంతు కలిపారు. ఆ కన్నతల్లి ఏడుపు ఆగలేదు గాని, ఏడుస్తూనే ఆమె కూడా పాడింది.

ఈ వరుసలో తెలుగు కీర్తనలను చేర్చలేదు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటి భక్తులు రాసిన కీర్తనలు మనకు అమ్మ చేతి అన్నం లాంటివి. అమ్మ చేతి అన్నానికి ఎవరైనా మార్కులు వేస్తారా? కాబట్టి ఇతర దేశాల్లో పుట్టిన పాటలకే ఈ వరుస.

7. ఇన్ క్రైస్ట్ అలోన్ (2001)

'క్రీస్తునందు మాత్రమే' అని దీనికి అర్థం. ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన కీత్ గెట్టీ బాణీ కట్టాడు. ఇంగ్లండ్‌కు చెందిన స్టూవర్ట్ టౌనెండ్ మాటలు రాశాడు. ఉన్నవి నాలుగే చరణాలు. వాటిలోనే క్రీస్తు శరీరధారిగా రావడం, సిలువ, సమాధి, పునరుత్థానం, చివరికి విశ్వాసి మరణాన్ని సైతం భయం లేకుండా ఎదుర్కోవడం అన్నీ ఇమిడిపోయాయి. పాట పూర్తయ్యేసరికి సువార్త మొత్తం ఒకసారి చెప్పినట్టవుతుంది.

2013లో ఈ పాట అమెరికాలో వార్తలకెక్కింది. అక్కడి ఒక పెద్ద ప్రెస్బిటేరియన్ సంఘం కొత్త కీర్తనల పుస్తకం తయారు చేస్తూ, సిలువ మీద దేవుని ఉగ్రత తీరిందని చెప్పే మాటను మార్చాలనుకుంది. రచయితలు అందుకు ఒప్పుకోలేదు. చివరికి కమిటీ 9-6 ఓట్లతో పాటనే వదులుకుంది. ఎవరి వాదన ఎలా ఉన్నా, ఒక్క మాట కోసం అంతమంది కూర్చుని తర్కించారన్నది గమనించాలి. రాగం నచ్చితే చాలు, మాటలు ఏవైనా పర్వాలేదనుకునే మనకు ఇది పాఠం. వయసులో అన్నిటికంటే చిన్నది, కాలం పెట్టే పరీక్ష ఇంకా మిగిలే ఉంది కాబట్టి దీనికి ఏడో స్థానం ఇచ్చాను.

6. ది ఓల్డ్ రగ్గెడ్ క్రాస్ (1913)

జార్జి బెనార్డ్ తండ్రి బొగ్గుగని కార్మికుడు. బెనార్డ్ పదహారేళ్ల వయసులో ఉండగా తండ్రి చనిపోయాడు. తల్లిని, తోబుట్టువులను పోషించే భారం ఆ కుర్రవాడి మీద పడింది. తర్వాత సాల్వేషన్ ఆర్మీలో, ఆ పైన మెథడిస్టు సువార్తికుడిగా సేవ చేశాడు. సిలువను గురించి ధ్యానిస్తూ మిషిగన్ రాష్ట్రంలో మొదలుపెట్టిన ఈ పాటను 1913లో పూర్తి చేశాడు. అదే రాష్ట్రంలోని పొకాగన్ అనే చిన్న ఊరి చర్చిలో తొలిసారి పాడారు.

సిలువ ఇప్పుడు మెడలో బంగారు గొలుసుకు వేలాడే అందమైన వస్తువు. బెనార్డ్ పాట ఆ మెరుపును చెరిపేసి, గరుకైన పాత కొయ్యను మన ముందు పెడుతుంది. లోకం చీదరించుకున్న ఆ కొయ్యే తనకు ప్రియమైనదంటాడు. 'సిలువను గూర్చిన వార్త' నశించేవారికి వెర్రితనంగా కనిపిస్తుందని పౌలు చెప్పిన మాటకు (1 కొరింథీ 1:18) ఇది పాట రూపం. పల్లెటూరి చర్చిలో పుట్టిన పాట కాబట్టి పల్లెటూరి గొంతులకు సులువుగా పలుకుతుంది.

5. హౌ గ్రేట్ దౌ ఆర్ట్ (1949)

ఈ పాట చేసినంత ప్రయాణం బహుశా మిషనరీలు కూడా చేసి ఉండరు. 1885లో స్వీడన్‌లో కార్ల్ బోబెర్గ్ అనే యువకుడు ఉరుములు, మెరుపుల గాలివాన వెలిసిన తర్వాత ప్రశాంతంగా మారిన సముద్రపు పాయను చూసి ఒక కవిత రాశాడు. అది స్వీడిష్ నుంచి జర్మన్‌లోకి, అక్కడి నుంచి రష్యన్‌లోకి వెళ్లింది. 1930లలో కార్పాతియన్ పర్వత ప్రాంతంలో సేవ చేస్తున్న స్టూవర్ట్ హైన్ అనే ఇంగ్లిష్ మిషనరీ దానిని రష్యన్‌లో విన్నాడు. ఆ కొండల మధ్య తిరుగుతూ ఇంగ్లిష్ చరణాలు అల్లాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో తలదాచుకున్న కాందిశీకుల మధ్య పనిచేస్తూ చివరి చరణం రాశాడు. ఇల్లూ ఊరూ పోగొట్టుకున్నవాళ్ల తపన ఒక్కటే, ఇంటికెప్పుడు వెళతామని. అందుకే క్రీస్తు వచ్చి మనల్ని ఇంటికి తీసుకెళ్లడంతో ఆ పాట ముగుస్తుంది. 1949లో అది అచ్చయింది.

ఇందులో మన దేశానికీ వాటా ఉంది. 1950లలో మహారాష్ట్రలోని దేవలాలిలో నాగా క్రైస్తవులు ఈ పాట పాడగా విన్న సువార్తికుడు ఎడ్విన్ ఓర్ దీనిని అమెరికా తీసుకెళ్లాడు. 1957లో న్యూయార్క్‌లో బిల్లీ గ్రాహం సభల్లో జార్జి బెవర్లీ షే దీనిని దాదాపు వందసార్లు పాడాడంటారు. ఆకాశాలను చూసి మొదలై సిలువ దగ్గరికి, అక్కడి నుంచి పరలోకానికి నడిపించే పాట ఇది. అయితే నిండు స్టేడియంలో పాడినంత గట్టిగా దీనిని ఆస్పత్రి మంచం పక్కన పాడలేం. అందుకే అయిదో స్థానం.

4. బికాజ్ హీ లివ్స్ (1971)

1960ల చివర్లో అమెరికా అట్టుడికిపోతోంది. వియత్నాం యుద్ధం, జాతుల మధ్య ఘర్షణ, యువతలో మత్తుమందులు. ఆ రోజుల్లో ఇండియానా రాష్ట్రంలో పాటలు రాసుకునే బిల్ గెయిథర్, గ్లోరియా దంపతులకు మూడో బిడ్డ పుట్టబోతున్నాడు. బిల్ అనారోగ్యంతో నీరసించి ఉన్నాడు. ఇటువంటి లోకంలోకి మరో బిడ్డను తీసుకురావడం సబబేనా అన్న భయం ఆ తల్లిని పట్టుకుంది. ఆ భయానికి ఆమెకు దొరికిన జవాబు ఖాళీ సమాధి. క్రీస్తు బతికే ఉన్నాడు కాబట్టి రేపటిని ఎదుర్కోగలను అన్న నిశ్చయం ఆమెకు కలిగింది. 1970లో మగబిడ్డ పుట్టాడు, ఆ మరుసటి సంవత్సరం పాట బయటికొచ్చింది.

ఈ పాటను నేను ఇష్టపడేది ఒక్క కారణానికి. ఇది ఈస్టర్ సత్యాన్ని ప్రసూతి మంచం దగ్గరికి తీసుకొచ్చింది. పునరుత్థానం ఏడాదికొకసారి తెల్లవారుజామున పాడుకుని వదిలేసే పాట కాదు. అప్పు తీరని ఇంట్లో, ఉద్యోగం పోయిన ఇంట్లో, రిపోర్టులు రావలసిన ఇంట్లో తెల్లారేసరికి లేచి నిలబడటానికి ఆధారం అదే (1 పేతురు 1:3).

3. గ్రేట్ ఈజ్ దై ఫెయిత్‌ఫుల్‌నెస్ (1923)

పాట వెనుక ఓడ మునగడమో, ఇల్లు కాలిపోవడమో ఉండాలని మనం ఆశిస్తాం. ఈ పాట వెనుక అలాంటిదేమీ లేదు. కెంటకీ రాష్ట్రంలో దుంగల ఇంట్లో పుట్టిన థామస్ చిషమ్ పదహారేళ్లకే బడిపంతులయ్యాడు. తర్వాత పత్రికలో పనిచేశాడు. మెథడిస్టు పాదిరిగా అభిషేకం పొందినా ఆరోగ్యం సహకరించక ఆ సేవ మానుకోవలసి వచ్చింది. మిగిలిన జీవితంలో చాలా కాలం ఇన్సూరెన్స్ ఏజెంటుగా గడిపాడు. అనారోగ్యం వల్ల తన సంపాదన ఏనాడూ పెద్దది కాదని ఆయనే చెప్పుకున్నాడు. అయినా వెయ్యికి పైగా కవితలు రాశాడు. వాటిలో ఒకదానికి 1923లో విలియం రన్యన్ బాణీ కట్టాడు. అదే ఈ పాట.

దీనికి మూలం విలాపవాక్యములు 3:22, 23. యెరూషలేము బూడిదైపోయాక, ఆ శిథిలాల మధ్య కూర్చున్న భక్తుడు ప్రతి ఉదయం దేవుని వాత్సల్యం కొత్తగా పుడుతుందని పలికిన చోటు అది. చిషమ్ జీవితంలో నగరాలు కూలలేదు. రోజూ మందులు, రోజూ లెక్కలు, రోజూ గడప గడపకూ తిరగడం, అంతే. మనలో ఎక్కువమంది బతుకులు కూడా అలాంటివే. పెద్ద సాక్ష్యం చెప్పడానికి ఏమీ లేదని బాధపడే విశ్వాసులారా, ఈ పాట మీకోసమే. నలభై ఏళ్లు ప్రతి ఉదయం అన్నం పెట్టిన దేవుడు ఎర్రసముద్రాన్ని పాయలు చేసిన దేవుడే.

2. ఫోన్ గూటెన్ మెష్టెన్ (1944)

ఈ జర్మన్ పాట మన చర్చిల్లో అంతగా వినబడదు. రాసినవాడు మాత్రం మనకు తెలిసినవాడే. ఆయన డీట్రిచ్ బోన్‌హోఫర్. హిట్లర్‌ను ఎదిరించిన లూథరన్ పాదిరి. 1943 ఏప్రిల్‌లో అరెస్టయ్యాడు. 1944 డిసెంబర్‌లో బెర్లిన్‌లోని గెస్టపో చెరలో ఉండగా, తనకు నిశ్చితార్థమైన మరియా అనే యువతికి రాసిన లేఖతోపాటు ఒక కవిత పంపాడు. క్రిస్మస్‌కు, కొత్త సంవత్సరానికి ఆమెకూ తన తల్లిదండ్రులకూ ఆయన పంపగలిగిన కానుక అదొక్కటే. దేవుని మంచి శక్తులు తనను చుట్టి కాపాడుతున్నాయన్నది దాని సారాంశం. చేదుపాత్ర అందిస్తే దానినీ నీ చేతి నుంచే తీసుకుంటామని ప్రార్థిస్తాడు, వెలుగు మళ్లీ చూపిస్తే సంతోషిస్తామనీ అంటాడు. రెండింటికీ సిద్ధపడిన మనిషి ఆయన.

1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో బోన్‌హోఫర్‌ను ఉరితీశారు. ఆయనకు 39 ఏళ్లు. సరిగ్గా రెండు వారాలకు అమెరికా సైన్యం ఆ శిబిరాన్ని విడిపించింది. పెళ్లి జరగలేదు. ఆ కవితకు తర్వాత పలువురు బాణీలు కట్టారు. 1970లో జీగ్‌ఫ్రీడ్ ఫీట్స్ కట్టిన బాణీ బాగా ప్రచారం పొందింది. జర్మనీ చర్చిల్లో సంవత్సరాంతపు ఆరాధనల్లో ఇప్పటికీ పాడుతుంటారు.

మనం కూడా డిసెంబర్ 31 రాత్రి చర్చిలో చేరి కొత్త సంవత్సరపు వాగ్దానం కోసం ఎదురుచూస్తాం. ఆశీర్వాదం, అభివృద్ధి, విజయం అన్న మాటలు చెవికి ఇంపుగా వినిపిస్తాయి. బోన్‌హోఫర్ పాట ఇచ్చే వాగ్దానం వేరు. రాబోయే ఏడాది ఏం తెస్తుందో తెలియదు గాని, అందులో ప్రతి ఉదయం, ప్రతి సాయంత్రం దేవుడు మనతో ఉంటాడు. అంతకంటే గట్టి వాగ్దానం నాకు తెలియదు.

1. ప్రెషస్ లార్డ్, టేక్ మై హ్యాండ్ (1932)

థామస్ డార్సీ జార్జియా రాష్ట్రంలో ఒక బాప్టిస్టు బోధకుడి కొడుకు. నల్లజాతివాడు. యౌవనంలో 'జార్జియా టామ్' పేరుతో క్లబ్బుల్లో బ్లూస్ సంగీతం వాయించి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత ప్రభువు వైపు తిరిగి షికాగోలో చర్చి పాటలు రాయసాగాడు. ఆయన బాణీల్లో బ్లూస్ వాసన వస్తోందని చాలా చర్చిలు తలుపులు మూసేశాయి. అయినా మానలేదు.

1932 ఆగస్టులో ఆయన సెయింట్ లూయిస్‌లో సభలకు వెళ్లాడు. ఇంట్లో భార్య నెట్టీ నిండు గర్భిణి. సభ జరుగుతుండగానే టెలిగ్రాం వచ్చింది. ప్రసవంలో నెట్టీ కన్నుమూసింది. పుట్టిన మగబిడ్డ కూడా ఎక్కువ సమయం బతకలేదు. తల్లిని, బిడ్డను ఒకే పెట్టెలో పెట్టి సమాధి చేశారు. దేవుడు తనకు అన్యాయం చేశాడనుకున్నాడు డార్సీ. ఇక దేవుని పాటలు రాయనని, పాత సంగీతానికే వెళ్లిపోతానని అనుకున్నాడు. కొన్ని రోజుల తర్వాత ఒక స్నేహితుడి తోడుతో పియానో ముందు కూర్చుంటే, వేళ్లు ఒక పాత బాణీని వెతుక్కున్నాయి, మాటలు వాటంతటవే వచ్చాయి. అలసిపోయాను, ఒంట్లో శక్తి లేదు, చెయ్యి పట్టి నడిపించు ప్రభువా అన్న ప్రార్థన అది. ఎందుకిలా జరిగిందో ఆ పాటలో జవాబు లేదు. పట్టుకోవడానికి ఒక చెయ్యి ఉంది.

1968 ఏప్రిల్ 4 సాయంత్రం మెంఫిస్ నగరంలో మార్టిన్ లూథర్ కింగ్ తన గది బాల్కనీలో నిలబడి, ఆ రాత్రి సభలో ఈ పాటే వాయించమని బెన్ బ్రాంచ్ అనే సంగీతకారుణ్ని అడిగాడు. అవే ఆయన చివరి మాటల్లో కొన్ని. మరుక్షణంలో తూటా తగిలింది. ఆయన అంత్యక్రియల్లో మహాలియా జాక్సన్ ఈ పాట పాడింది. ఒక మనిషి గుండె పగిలిన రోజుల్లో పుట్టిన పాట, 36 ఏళ్ల తర్వాత ఒక జాతి మొత్తానికి కన్నీరు తుడిచింది. డార్సీ 1993 దాకా జీవించాడు. నా వరుసలో ఈ పాటదే మొదటి స్థానం.

మన నోట ఏ పాట ఉంది?

ఈ వరుసతో మీరు ఏకీభవించనక్కర్లేదు. మీ వరుస మీకుంటుంది. కానీ మన ఆరాధనల్లో ఏ పాటలు పాడుతున్నామో ఒకసారి లెక్క చూసుకోవాలి. బైబిల్లోని 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా విలాప కీర్తనలేనని పండితులు చెబుతారు. 88వ కీర్తన అయితే చీకటిలోనే ముగిసిపోతుంది. ఇశ్రాయేలీయులు దానిని తీసేయలేదు, గుడిలో పాడారు. మనమో, ఏడ్చేవాళ్లను కూడా చప్పట్లు కొట్టమంటున్నాం. భర్తను మట్టికి అప్పగించి వచ్చిన సోదరి మరుసటి ఆదివారం చర్చికి వస్తే, ఆమె పాడగలిగే పాట ఒక్కటైనా ఉందా? లేకపోతే ఆమెను బయట నిలబెట్టినట్టే.

సంతోష గీతాలు వద్దని కాదు. డార్సీ బాణీలను తిప్పికొట్టిన చర్చిల్లా కొత్త సంగీతానికి తలుపులు మూయమనీ కాదు. డ్రమ్ములు ఉన్నా లేకున్నా, పాత రాగమైనా కొత్త రాగమైనా, పాటలో క్రీస్తు ఉండాలి, కన్నీటికి చోటుండాలి. ఇంట్లో పిల్లలకు నెలకొక పాటను కంఠతా నేర్పండి. సంఘంలోని పెద్దలను వాళ్ల పాట ఏదో అడిగి తెలుసుకోండి. వాళ్లున్నప్పుడే నేర్చుకోండి. తెరమీద కనబడే మాటలు కరెంటు పోతే పోతాయి, గుండెలో నాటుకున్న మాటలు పోవు.

అర్ధరాత్రి ప్రతి ఇంటికీ వస్తుంది. అది వచ్చినప్పుడు కొత్త పాట నేర్చుకునే తీరిక ఎవరికీ ఉండదు. పగలుండగానే నేర్చుకుందాం.